హార్డు డిస్కు – పుట్టుపూర్వోత్తరములు



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము కంప్యూటరు లోపల నుండు హార్డు డిస్కు. దీని పేరు వినని ఊరు నేడు లేదు. దీనిని కన్నులార చూచినవారు మాత్రము కొలదిమంది. అఱచేతికి కొంచెము మించిన లోహపు పెట్టె యది. పొడవు సుమారు 147 మిల్లీమీటర్లు, వెడల్పు 101.6, మందము 26. పైకి చూచినచో ఇందు విశేషమేమియు కానరాదు. కాని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములందు కంప్యూటర్లు నెలకొల్పబడినది మొదలు, మన పొలముల క్రయవిక్రయ దస్తావేజుల ప్రతిబింబములు ఇట్టి పెట్టెలలోనికి చేరుచు వచ్చినవి. తాతలనాటి కాగితము ఇంటి పెట్టెలో నున్నదో, కరణముగారి కట్టలో నున్నదో పెద్దలకు తెలిసియుండెడిది. ఇప్పుడా కాగితము చేరిన క్రొత్త చోటు ఎట్టిది, దానిని ఎవరు ఏల కల్పించిరి, అది ఎంతవఱకు నమ్మదగినది అను సంగతులు మనకు తెలియవలసియున్నవి. అందుచేతనే ఈ చరిత్రను చెప్పబూనితిని.

కంప్యూటరు పుట్టిన తొలిదినములలో లెక్కలు ముఖ్యముగా రెండు విధముల నిలువ చేయబడుచుండెను. ఒకటి, చిల్లులు పొడిచిన అట్టముక్కలు. రెండవది, అయస్కాంతపు పూత పూసిన పొడుగాటి నాడా, అనగా టేపు. టేపునందు నడుమ నున్న సంగతి కావలసివచ్చినచో, మొదటినుండి చుట్ట విప్పుకొని రావలెను. అట్టముక్కల చిక్కు వేఱు. వర్తకులు వానిని తొట్లలో వరుసగా నిలిపి, గుమాస్తాలచేత వెదకించి తీయించుచుండిరి. తిరిగి పెట్టునపుడు చోటు తప్పినదా, ఆ లెక్క ఉండియు లేనట్లే. మన తాళపత్ర గ్రంథమున కావలసిన ఆకును కట్ట నడుమ తిన్నగా తెఱచి చూడవచ్చును గదా! ఆ మాత్రపు సౌకర్యము అంత గొప్ప యంత్రమునకు లేకపోయెను.

ఈ కొఱతను తీర్చుటకు పూనుకొన్నవాడు ఒక బడిపంతులు. రేనాల్డ్ జాన్సన్ అను నాతడు అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రమున ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండి, విద్యార్థుల పరీక్షపత్రములపై పెన్సిలు గుఱుతులను విద్యుచ్ఛక్తిచే పసిగట్టి మార్కులు లెక్కించు యంత్రమును కల్పించెను. పెన్సిలు గీతలో విద్యుత్తు ప్రవహించు ననునదే దాని కీలకము. ఆ నేర్పును చూచి ఐ.బి.ఎం. సంస్థవారు 1934లో ఆయనను కొలువులోనికి తీసికొనిరి. 1952లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే పట్టణమున ఒక చిన్న ప్రయోగశాలను స్థాపింప ఆయనను పంపిరి. అచటివారు పలు రూపములను తలపోసి, తుదకు అయస్కాంతపు పూత పూసిన పళ్లెములను ఒకే ఇరుసుపై దొంతరగా గ్రుచ్చి, కుమ్మరిసారెవలె త్రిప్పుటకు నిశ్చయించుకొనిరి.

మాటకిది సులువే. చేతకు వచ్చుసరికి రెండు చిక్కులు కలిగినవి. మొదటిది పూత. పళ్లెమంతటను పూత ఒకే మందమున నుండవలెను, నలుసైనను ఉండరాదు. వారు చేసిన ఉపాయము వినిన మీకు నవ్వు రావచ్చును. ఇనుప తుప్పు జాతి పొడి కలిపిన రంగును స్త్రీలు కాళ్లకు తొడుగుకొను పట్టు మేజోడులో వడగట్టి, కాగితపు గిన్నెతో కొలిచి, తిరుగుచున్న పళ్లెము నడుమ పోసిరి. తిరుగుడు వేగమునకు ఆ రంగు తనంతట తానే అంచువఱకు సమముగా ప్రాకెను. మన ఇండ్లలో పాలు వడగట్టు యుక్తికిని దీనికిని భేదమేమున్నది?

రెండవ చిక్కు అసలైనది. ఈ పరికరపు చరిత్రయంతయు దానిచుట్టునే తిరుగుచున్నది. గ్రామఫోను పలకపై ముల్లు రాచుకొనుచు పోవునని మీరెఱుగుదురు. ఇచట ముల్లు పళ్లెమును తాకరాదు. తాకినచో పూత లేచిపోవును. దూరమైనచో అయస్కాంతపు గుఱుతు తెలియదు. నిపుణులు హెడ్డు అని పిలుచు ఈ చదువుముల్లును, తిరుగు పళ్లెమునకు అతిసమీపమున, తాకీ తాకకుండ నిలుపుట యెట్లు? జాన్సన్ బృందము ముల్లునుండి పళ్లెముమీదికి గాలిని ఒత్తిడితో ఊదించెను. ఆ గాలియే మెత్తగా మారి ముల్లును ఎడముగా నిలిపెను. ఆ ఎడము మిల్లీమీటరులో సుమారు 50వ వంతు. తలవెండ్రుక మందములో నాలుగవ వంతనుకొనుడు.

ఇట్లు 1956 సెప్టెంబరులో రామాక్ అను కంప్యూటరు లోకమునకు ప్రకటింపబడెను. దాని డిస్కు విభాగమున 24 అంగుళముల అడ్డుకొలత గల పళ్లెములు 50 ఉండెను. అవి నిమిషమునకు 1200 చుట్లు తిరుగుచుండెను. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను దాచగలిగెను. 50 పళ్లెములకును కలిపి చదువు చేయి యొక్కటే! అది దొంతరప్రక్కన మీదికి క్రిందికి ప్రాకి, కావలసిన పళ్లెముల సందున దూరి చదివి వచ్చుచుండెను. పెట్టె వెడల్పు ఐదడుగులు, ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళములు, బరువు టన్నుకు పైమాట. నెలకు అద్దె, కంప్యూటరంతటికిని కలిపి, 3,200 డాలర్లు. దీనిని బరువులెత్తు బండిచేత విమానములోని కెక్కించుచున్న ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. ఆనాడు డిస్కును అమర్చుట యనగా గదిని, గాలి ఒత్తు యంత్రమును, నిపుణులను సమకూర్చుకొనుటయే.

1958లో బ్రస్సెల్స్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఈ రామాక్‌ను నిలిపి, చరిత్ర విషయములపై జనులడిగిన ప్రశ్నలకు పది భాషలలో సమాధానము చెప్పించిరి. అడిగిన సంవత్సరమును తిన్నగా తెఱచి చెప్పుట టేపునకు సాధ్యము కాని పని. పండితుడు గ్రంథము విప్పక స్థలనిర్దేశము చేసిన ట్లుండెనని నాకు తోచును.

పిమ్మటి ఇరువదియేండ్ల కథను త్వరగా చెప్పి దాటెదను. 1961లో ప్రకటించిన 1301 అను యంత్రమున ఒక్కొక్క ముఖమునకు ఒక్కొక్క ముల్లు వచ్చినది. ఊదుడు గాలితో పనిలేక, పళ్లెము తిరుగుటచే పుట్టిన గాలిలోనే ముల్లు పక్షివలె తేల నేర్చినది. 1962లో పళ్లెముల దొంతరను ఊడదీసి వేఱొకటి పెట్టుకొను యంత్రము వచ్చెను. సౌకర్యమే గాని, తీసి పెట్టినపుడెల్ల ధూళి జొరబడును. 1973లో కెన్నెత్ హాటన్ నాయకత్వమున పళ్లెములను, ముండ్లను కలిపి ఒకే పేటికలో మూసివేసిరి. దానికి వించెస్టర్ అను తుపాకి పేరు వచ్చినది. తొలుత తలపెట్టిన 30, 30 మెగాబైట్ల కొలతలు ఆ తుపాకి సంఖ్యను తలపించుటయే కారణము. మెగాబైటనగా పదిలక్షల బైట్లు. బైటనగా ఒక ఆంగ్లాక్షరము పట్టు చోటు. ఈనాటి పెట్టెలన్నియు ఆ మూసిన పేటిక సంతతివే.

1980లో అలన్ షుగార్ట్ మొదలగువారు స్థాపించిన సంస్థ, పిమ్మట సీగేట్ అని పేరొందినది, ఐదుంబావు అంగుళముల కొలతలో 5 మెగాబైట్ల డిస్కును 1,500 డాలర్లకు అమ్మకమునకు పెట్టెను. రామాక్ దాచిన దానికంటె ఎక్కువే, బల్లమీది కంప్యూటరు కడుపులో ఇమిడినది. 1983 మార్చిలో ఐ.బి.ఎం. వారి ఎక్స్.టి. కంప్యూటరు 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చినది. అదే సంవత్సరమున స్కాట్లండులోని రోడైమ్ సంస్థ మూడున్నర అంగుళముల డిస్కును తెచ్చినది. నేటికిని బల్లమీది కంప్యూటర్లలో ఆ కొలతయే నిలిచియున్నది.

పరికరము చిన్నదైనను, అమర్చు శ్రమ వెంటనే తీరలేదు. ఆ కాలపు డిస్కులు పెక్కింటిని కదల్చుటకు ముందు, ముల్లును సురక్షితస్థానమున నిలుపుమని ఆజ్ఞ ఈయవలసియుండెను. డిస్కునకు ముండ్లెన్ని, వలయములెన్ని అను అంకెలను కంప్యూటరునకు చేతితో వ్రాసి తెలుపవలెను. ఆ అంకెలు నింపు గడులు ఇఱుకైనవి: వలయములు 1024, ముండ్లు 16, ఒక్కొక్క వలయమున ఖండములు 63, ఖండమునకు 512 బైట్లు. వీనిని గుణించిన 52 కోట్ల 84 లక్షల పైచిలుకు బైట్లు వచ్చును. డిస్కు అంతకు పెద్దదైనను మిగిలిన చోటు కంప్యూటరునకు కనబడదు. పూర్వపు కరణములు చిట్టాలో గళ్లు చాలక పొలము విస్తీర్ణమును అంచున వ్రాసినట్లు, నిపుణులు ఈ అంకెలను తారుమారు చేసి గడుపుకొనిరి.

ఈ బాధలు క్రమముగా చాలవఱకు తీరినవి. 2003లో సేటా అను క్రొత్త పద్ధతి వచ్చెను. ఇప్పుడు అమర్చు విధము చెప్పెదను. కంప్యూటరు విద్యుత్తును ఆపి, తీగ ఊడదీసి, పెట్టె లోహభాగమును ఒకమాఱు చేతితో తాకవలెను. మన దేహముననుండు నిశ్చల విద్యుత్తు డిస్కుమీది సున్నితభాగములను చెఱచు నదియే కారణము. డిస్కును అంచులయందే పట్టి, దాని గూటిలో నుంచి, నాలుగు స్క్రూలతో బిగింపవలెను. వదులుగా వదలిన తిరుగుడుచే అదరును. మిక్కిలి పొడుగు స్క్రూ లోపలి భాగమునకు తగులును. ఒక సన్నని తీగ సమాచారమునకు, ఒక వెడల్పు తీగ విద్యుత్తునకు. రెండును ఒక ప్రక్కగానే ఎక్కునట్లు చేయబడినవి గనుక బలవంతము పనికిరాదు. పిమ్మట కంప్యూటరునుండి డిస్కులో హద్దురాళ్లు పాతినట్లు విభాగములు చేసి, విషయసూచిక వ్రాయించవలెను. నేనీ పని ఎన్నియోమాఱులు చేసితిని. అరగంట మించి పట్టదు.

సాధారణమైన డిస్కుమీద ఒక చిన్న రంధ్రమును, దానిని మూయరాదను హెచ్చరికయు కానవచ్చును. ముల్లు తేలుటకు లోపల గాలి యుండవలెను గదా! లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సరిపడుటకై వడపోత గల ఈ రంధ్రమును ఉంచిరి. ఇందుచేతనే అనేక డిస్కులను 3,000 మీటర్లకు మించిన ఎత్తున వాడరాదని నిర్మాతలు వ్రాయుదురు. అచటి పలుచని గాలి ముల్లును మోయజాలదు. 2013నుండి కొన్ని పెద్ద డిస్కులలో గాలికి మాఱుగా హీలియము నింపి, బొత్తిగా మూసివేయుచున్నారు.

కొనునపుడు పెట్టెపై చూడవలసిన అంకెలు ముఖ్యముగా రెండు. మొదటిది పరిమాణము. ఒక టెరాబైటనగా లక్షకోట్ల బైట్లు. రామాక్‌లు రెండున్నర లక్షలకు మించి పేర్చినగాని అంత చోటు రాదు. దీనిని అమర్చగా కంప్యూటరు 931 అని చూపును. వర్తకుడు మోసగించెనని పలువురు తగవులాడుదురు. నిర్మాత వేయికి వేయిగా లెక్కించును, కంప్యూటరు 1024కు ఒకటిగా లెక్కించును. ఒక ఊరి కుంచమునకును మఱియొక ఊరి కుంచమునకును గల భేదమే ఇది, ధాన్యము తగ్గలేదు. తెలుగువారు గమనింపదగిన దింకొకటి కలదు. నేడు సాధారణముగా వాడు పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. మన లిపిలో ఒక్కొక్క చిహ్నమునకు 3 బైట్లు కావలెను. శ, పొల్లు, ర, దీర్ఘము కలిసిన ‘శ్రీ’కారము ఒక్కటే 12 బైట్లు పట్టును.

రెండవ అంకె వేగము. నేటి బల్లమీది డిస్కులు పెక్కు నిమిషమునకు 7,200 చుట్లు తిరుగును. పళ్లెపు అంచు గంటకు సుమారు 129 కిలోమీటర్ల వేగమున పోవును. రామాక్ పళ్లెపు అంచు వేగమును నేను గుణించి చూడగా గంటకు 138 కిలోమీటర్లు వచ్చినది! ఇన్నేండ్లలో అంచువేగము పెరుగలేదు. తగ్గినది ముల్లునకును పళ్లెమునకును నడిమి ఎడము. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన, అందు కొన్ని భాగములు మాత్రమే నేటి ఎడము. ఎడము తగ్గినకొలది గుఱుతులు చిన్నవి చేయవచ్చును, ఎక్కువ వ్రాయవచ్చును. అపాయమును అందే యున్నది.

మా బంధువులలో ఒకరు తమ తాతగారినాటి పంపకపు కాగితమును చెదలు తినుచుండగా, మిగిలినంతవఱకు ప్రతిబింబము తీయించి కంప్యూటరులో నుంచిరి. అది రిజిస్టరు కాని కాగితము. మఱెచటను నకలు లేదు. ఒకనాడు నడుచుచున్న ఆ కంప్యూటరు బల్లమీదినుండి పడినది. పిదప డిస్కులో గడియారము కొట్టుకొన్నట్లు టిక్కుటిక్కుమను చప్పుడు తప్ప మఱేమియు రాలేదు. ఆయన కోరికపై నేను దానిని నగరమునకు కొనిపోతిని. ధూళి లేని గదిలో దానిని తెఱచిన నిపుణుడు నాకు పళ్లెమును చూపెను. అద్దమువంటి ఆ నునుపుపై, గాజుల మారపు ముద్రవలె, ఒక గుండ్రని గీత. పూత పొడియై రాలినది. రాలిన చోట నున్న వ్రాతను మానవమాత్రుడెవ్వడును చదువజాలడు. ఆ కాగితములోని తూర్పు హద్దును గూర్చి దాయాదుల వాదము ఇంకను తీరలేదు.

కావున డిస్కులో దాచిన ముఖ్యపత్రమునకు మఱొక డిస్కుననో, మఱొక ఊరిలోనో రెండవ ప్రతి యుండవలెనని నేను అడిగినవారికెల్ల చెప్పుదును. పళ్లెములు, ముండ్లు లేని ఎస్.ఎస్.డి. అను నిలువపెట్టెలు నేటి క్రొత్త కంప్యూటర్లలో ఎక్కువగా వచ్చుచున్నవి. అవి పడినను ఇంతగా చెడవు. అయినను వానికిని వేఱు చావులున్నవి. తక్కువ వెలకు విస్తారమైన చోటు కావలసిన పెద్ద నిలువశాలలలో నేటికిని తిరుగు పళ్లెములే పనిచేయుచున్నవి.

రామాక్ డిస్కులలో ఒకదానిని కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణపు కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలవారు బాగుచేయించి నిలిపియుంచిరి. పూనిక గల ఇంజనీర్లు దాని ఇరుసును, గాలిని, చేయిని సరిచేసి త్రిప్పగా, ఎన్నో యేండ్లక్రిందట వ్రాసిన గుఱుతులు ఆ తుప్పురంగు పళ్లెములపై నిలిచియుండి, మఱల చదువ వీలయ్యెను.