మన చెరువు.. 30 దేశాల పక్షుల బాటలో మజిలీ

బౌరంపేట్ (మేడ్చల్): ఉత్తర దిక్కున సరస్సులు గడ్డకట్టే వేళ దక్షిణానికి తరలివచ్చే పక్షులకు పాస్‌పోర్టులు లేవు, సరిహద్దులు తెలియవు. శీతకాలంలో బౌరంపేట్, దుండిగల్, శామీర్‌పేట పరిసరాల చెరువుల వంటి జలాశయాలే వాటికి విడిది. సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు, ఉల్లంకి పిట్టలు, జిట్టంగులు వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చి, వేసవి ముదరకముందే తిరుగుముఖం పడతాయి. వీటి రక్షణ ఏ ఒక్క దేశం వల్లనో సాధ్యమయ్యే పని కాదు. మార్గమధ్యంలో ఒక్క మజిలీ చెడినా మిగిలిన అన్నిచోట్లా పడిన శ్రమ వృథా అవుతుంది.

గగనంలో రహదారి

ఆర్కిటిక్ తీరం, సైబీరియా నుంచి హిందూ మహాసముద్రం వరకు సాగే వలస మార్గాన్ని 'మధ్య ఆసియా వలస మార్గం' అంటారు. ఇది 30 దేశాలను కలుపుతుంది. 182 జాతుల నీటిపక్షులు ఈ బాటన రాకపోకలు సాగిస్తాయి. తలపై రెండు నల్లని చారలుండే పట్టెతల బాతు మంగోలియా, టిబెట్, కిర్గిజ్‌స్తాన్ సరస్సుల వద్ద పిల్లలను పొదుగుతుంది. 7 వేల మీటర్లకు పైగా ఎత్తున ఎగురుతూ హిమాలయాలను దాటి దక్కను జలాశయాలకు చేరుతుంది. మంగోలియా శాస్త్రవేత్తలు మెడపట్టీలు వేసి వదిలిన కొన్ని బాతులు కర్ణాటక చెరువులలో కనిపించాయి. అక్కడ పట్టీ వేసినవారు, ఇక్కడ దాని సంఖ్యను చదివినవారు కలిసినప్పుడే పక్షి దారి తెలిసింది.

ఒప్పందాల క్రమం

వలస వన్యప్రాణుల రక్షణకు 1979లో జర్మనీలోని బాన్ నగరంలో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. భారత్ 1983లో అందులో చేరింది. 1984లో నాటి సోవియట్ యూనియన్‌తో వలస పక్షుల పరిరక్షణకు ప్రత్యేక ఒప్పందం చేసుకుంది. మధ్య ఆసియా మార్గంలోని దేశాలు 2005లో న్యూఢిల్లీలో సమావేశమై కార్యాచరణ ప్రణాళికను రూపొందించాయి. 2018లో భారత్ తన జాతీయ ప్రణాళికను ప్రకటించింది. బాన్ ఒడంబడిక సభ్యదేశాల సదస్సు 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో జరిగింది. 2024 ఫిబ్రవరిలో సమర్‌ఖండ్‌లో జరిగిన తదుపరి సదస్సు ఈ మార్గం కోసం ఉమ్మడి కార్యక్రమాన్ని ఆమోదించి, దాని సమన్వయ విభాగాన్ని భారత్‌లో నెలకొల్పాలని నిర్ణయించింది.

ఒక ఓటమి.. ఒక గెలుపు

సైబీరియా కొంగల కథ ఈ రంగంలో చేదు పాఠం. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో వాటికి పూర్తి రక్షణ ఉండేది. అయినా అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా సాగే దారిలో వేట, ఎండిన మజిలీలు వాటిని హరించాయి. 1993లో అంతర్జాతీయ అవగాహన కుదిరినా ఫలితం దక్కలేదు. 2002 తర్వాత అవి భరత్‌పూర్‌కు రాలేదు.

ఇందుకు భిన్నమైనది నాగాలాండ్ అనుభవం. సైబీరియా తూర్పు ప్రాంతం, ఉత్తర చైనా నుంచి దక్షిణ ఆఫ్రికాకు వెళ్లే అముర్ డేగలను 2012లో అక్కడి దోయాంగ్ జలాశయం వద్ద వేల సంఖ్యలో వలలతో పట్టి చంపారు. ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు, చర్చిలు, గ్రామ పెద్దలు ఏకం కావడంతో 2013లో ఆ వేట పూర్తిగా ఆగింది. అదే ఏడాది కొన్ని డేగలకు ఉపగ్రహ పరికరాలు అమర్చి వాటి ప్రయాణాన్ని గమనించారు. ఒప్పందాన్ని అమలు చేసేది చివరకు గ్రామమేనని ఈ ఉదంతం నిరూపించింది.

మన వంతు

పక్షుల లెక్కింపు ఈ నేలకు కొత్త కాదు. సలీం అలీ 1931-32లోనే నిజాం రాజ్యంలో పక్షుల సర్వే జరిపారు. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో స్వచ్ఛంద పరిశీలకుల సాయంతో సాగుతోంది. పలు దేశాల్లో ఒకే కాలంలో జరిగే ఈ లెక్కలవల్లే ఏ జాతి తగ్గుతోందో తెలుస్తుంది. బౌరంపేట్‌కు చేరువలో ఉన్న అమీన్‌పూర్ చెరువును రాష్ట్ర ప్రభుత్వం 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది.

ఔటర్ రింగు రోడ్డు వెంట ఇళ్ల స్థలాలు పెరిగినకొద్దీ చెరువులపై ఒత్తిడి పెరిగింది. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల అంచు నుంచి 30 మీటర్ల మేర నిర్మాణాలు చేపట్టరాదని 2012 భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. నీరు పూర్తిగా నిండే హద్దును పూడ్చితే ముందుగా పోయేది ఒడ్డున ఉండే లోతులేని బురద నేల. ఉల్లంకి పిట్టలు పురుగులను ఏరుకు తినేది అక్కడే. మురుగునీరు, గుర్రపుడెక్క పేరుకుపోతే బాతులకు తెరపి నీరు మిగలదు. ఎన్ని దేశాలు సంతకాలు చేసినా, వచ్చిన పక్షి దిగవలసింది ఈ నీటిలోనే. సైబీరియా కొంగకు దారిలో ఎదురైన గతి ఇక్కడి అతిథులకు పట్టకుండా చూడటం ఈ ఊళ్ల చేతిలో ఉంది.