96 గంటల చేప

అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల బోరు నీళ్ళతో బట్టలుతికేవాళ్ళకు తెలిసిందే: ఉప్పు నీళ్ళలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, బకెట్ అంచుకు తెల్లటి మడ్డి అంటుకుంటుంది. నీళ్ళలోని కాల్షియం సబ్బులోని కొవ్వు ఆమ్లాన్ని పట్టేసి కరగనివ్వదు. ఉతికేవాళ్ళకు విసుగే గానీ, చేపకు మాత్రం ఊపిరి. కరగనిది మొప్పలకు అంతగా హాని చేయలేదు. వాన నీళ్ళలాంటి మెత్తటి నీళ్ళలో అదే సబ్బు తక్కువ మోతాదుకే చేపను చంపి తేల్చేస్తుంది.

నీళ్ళలో ఏం కలిపితే చేప తేలుతుందో ప్రయోగశాలల కంటే ముందే మనవాళ్ళు పట్టుకున్నారు. ఇప్పగింజల నూనె తీశాక మిగిలే చెక్కలో చేపకు విషమైన సపోనిన్ ఉంటుంది. చెరువులో చేపపిల్లలు వదలడానికి ముందు, వాటిని తినేసే చేపలను ఏరివేయడానికి, మీటరు లోతు నీళ్ళున్న హెక్టారుకు 2,000 నుంచి 2,500 కిలోల ఇప్పచెక్క చల్లుతారు. రెండు మూడు వారాల్లో విషం విరిగి, చెక్క ఎరువవుతుంది.

ఇక ప్రయోగశాలల సంగతికొస్తే, హైదరాబాద్‌లోని తార్నాకలో నూనెల రసాయనశాస్త్రానికి పెద్ద పీట పడింది. 1944లో హైదరాబాద్ సంస్థానం స్థాపించిన ప్రయోగశాలలు 1956లో సీఎస్ఐఆర్ చేతికి వచ్చాయి. ఇప్పటి రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ అదే. తర్వాత ఆహార చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న కె.టి. అచయ అక్కడ ఆముదంతో సహా నూనెల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. నూనెలో నుంచి కొవ్వు ఆమ్లాలు, వాటి నుంచి అమీన్లు తీయవచ్చు. అమీన్లకు ధన విద్యుదావేశం ఉంటుంది, మొప్పల మీద అంటుకుపోతాయి. సబ్బు కంటే ఇవే చేపకు ఎక్కువ ప్రమాదం.

ఇలాంటివి చేపకు ఎంత విషమో తేల్చే పరీక్షకు ఒక పద్ధతి కుదిరింది 1945లో, అమెరికాలో హార్ట్, డౌడొరాఫ్, గ్రీన్‌బ్యాంక్ చేతుల మీదుగా. 1981లో దేశాల కూటమి ఓఈసీడీ దాన్ని 203వ మార్గదర్శకంగా ఖాయం చేసింది. ఒక్కో మోతాదుకు కనీసం ఏడు చేపలు, 96 గంటలు, మేత లేదు. మొప్ప మూత ఆడకుండా, తోక మొదట తాకినా కదలకపోతే చచ్చినట్టు లెక్క. ఈ పనికి తరచూ వాడే చారల చేప (జీబ్రాఫిష్) మన దేశపు కాలువలదే. హామిల్టన్ 1822లో గంగానది చేపల పుస్తకంలో దాన్ని వర్ణించాడు.

మన పర్యావరణ నియమాలూ 96 గంటలనే పట్టుకున్నాయి: వదిలే వ్యర్థజలంలో, ఏమీ కలపకుండానే, చేపల్లో 90 శాతం బతకాలి. ఆ కొలత గొట్టం మూతి దగ్గర. వేల ఇళ్ళ మోరీలు కలిసిన మూసీ నది, హైదరాబాద్ దిగువన కత్వ అనే చిన్న ఆనకట్ట మీంచి దుమికి, తెల్లగా పొంగే చోట, ఏ నురగ ఎవరి ఇంటిదో.