ఎవరి ఒంటి కొలతలు?

గఢ్వాల్ కొండల్లో ఆ రాత్రి గుడారం బయట బకెట్లో నీళ్లు గడ్డకట్టాయి. అద్దెకి తెచ్చుకున్న స్లీపింగ్ బ్యాగ్ మీద -5 డిగ్రీలు అని స్పష్టంగా రాసుంది. తెచ్చుకున్న బట్టలన్నీ ఒంటిమీద వేసుకుని, రెండు జతల మేజోళ్లు తొడుక్కుని కూడా తెల్లవార్లూ వణుకుతూనే ఉన్నాను. అవే బ్యాగుల్లో దూరిన మగ మిత్రులు హాయిగా గురకపెట్టారు. పొద్దున్న టీ దగ్గర ఒకాయన జాలిపడ్డాడు: "ఆడవాళ్లు చలికి ఆగలేరు మేడమ్." నేనూ నమ్మేశాను. మన ఒంటిమీద ఎవరేం చెప్పినా నమ్మడం మనకి చిన్నప్పట్నించీ అలవాటే కదా.

ఆ అంకె సంగతికి మళ్లీ వస్తాను. కొండమీదికి ఏం తొడుక్కుని వెళ్లాలి అన్న ప్రశ్న వెనక్కి వెళ్తే చాలా దూరం పోతుంది.

పర్వతారోహణ ఒక క్రీడగా రూపుదిద్దుకున్నది పంతొమ్మిదో శతాబ్దపు ఆల్ప్స్‌లో. 1857లో లండన్‌లో పుట్టిన ఆల్పైన్ క్లబ్ తలుపులు స్త్రీలకి తెరుచుకున్నది 1970లలో! స్త్రీలు మాత్రం ఆ క్లబ్ పుట్టకముందే కొండలెక్కారు. 1838లో ఆన్రియెట్ దాంజవిల్ తన 44వ ఏట మోం బ్లాం శిఖరం ఎక్కడానికి బట్టలు తనే ఆలోచించి కుట్టించుకుంది. లోపల వెచ్చటి అస్తరు వేసిన గళ్ల ఉన్ని పంట్లాం, దానిమీద పొడవాటి అంగీ. పంట్లాం చలి కోసం. అంగీ దేనికోసమో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత యాభై అరవై ఏళ్లపాటు ఆల్ప్స్ ఎక్కిన స్త్రీలు పోరాడింది మంచుతోనే కాదు, స్కర్టుతో కూడా. ఉన్ని స్కర్టు అంచు మంచులో నాని, బరువెక్కి, చలికి బిర్రబిగుసుకుపోతుంది. అడుగెక్కడ పడుతోందో కనపడనివ్వదు. వదులురాళ్లని ఈడ్చి కిందవాళ్ల నెత్తిన పడేస్తుంది. మాంటే రోసా చుట్టూ తన ప్రయాణం గురించి 1859లో పుస్తకం రాసినామె (చరిత్రలో ఆమె భర్త పేరుతో మిసెస్ హెన్రీ వార్విక్ కోల్‌గానే మిగిలింది) దీనికో ఉపాయం చెప్పింది. స్కర్టు లోపల కుట్ల వెంబడి చిన్న రింగులు కుట్టి, వాటిలోంచి తాడు పోనిస్తే, కావలసినప్పుడు కావలసినంత ఎత్తుకి లాక్కోవచ్చు. చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత బాధేసింది. లాగడం ఎంత సులువో దించెయ్యడమూ అంతే సులువుగా ఉండాలి. ఆ తాడు వంటమనిషి, పాస్టరు, హోటల్ వరండాలో కూచున్న పెద్దమనుషులు, వీళ్లందరి చూపులకీ కట్టిన తాడు.

1907లో లేడీస్ ఆల్పైన్ క్లబ్‌కి మొదటి అధ్యక్షురాలైన ఎలిజబెత్ లె బ్లాండ్ మరో దారి పట్టింది. ఊరు దాటేదాకా స్కర్టు, దాటాక లోపలున్న బిగుతు పంట్లాం. ఒకసారి స్కర్టు శిఖరం మీదే మరిచిపోయి దిగొచ్చి, దానికోసం మళ్లీ అంతెత్తూ ఎక్కిందని కథలుగా చెప్పుకుంటారు. నిజమెంతైనా, ఆ కథ అంతగా నిలబడిపోవడమే నాకు ఆసక్తి. ఇంతకంటే నన్ను కదిలించిన విషయం ఆమె స్వీయచరిత్రలో ఉంది. కొండలకి వచ్చేదాకా ఆవిడ తన బూట్లు తను తొడుక్కుని ఎరగదు. ఆ పని పనిమనిషిది.

ఇక్కడ మన పొలాలు గుర్తొస్తాయి. నాట్లేసే మనిషి చీర మోకాళ్ల పైకి గోచీ పోసి కట్టుకుంటే ఎవరూ పత్రికలకి ఉత్తరాలు రాయలేదు. కాళ్లు కనపడటం శ్రమకి తప్పు కాదు, సరదాకి తప్పు. ఆల్ప్స్ స్కర్టు గొడవంతా తీరిక దొరికిన ఇళ్ల ఆడవాళ్ల గొడవేనని మరచిపోకూడదు. అంతమాత్రాన చిన్నదీ కాదు.

1871లో లూసీ వాకర్ మాటర్‌హార్న్ ఎక్కిన మొదటి స్త్రీ అయింది, స్కర్టులోనే. 1895లో అదే కొండని లాటిన్ పాఠాలు చెప్పిన అమెరికన్ ఆనీ స్మిత్ పెక్ మోకాళ్ల దాకా ఉండే నిక్కరు, పైన పొడవాటి చొక్కాతో ఎక్కింది. పత్రికలు ఎక్కడం మానేసి నిక్కరు గురించి రాశాయి. వింతేమిటంటే, తర్వాత సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ ఆ దుస్తుల్లోని ఆమె ఫోటోనే మిషన్లతో పాటు పంచింది! 1908లో పెరూలో వాస్కరాన్ ఉత్తర శిఖరం ఎక్కేటప్పుడు ఆమె మొహానికి తొడుక్కున్న ఉన్ని ముసుగు మీద మీసాలు గీసి ఉన్నాయి. ఆ యాత్రలో చేతి తొడుగులు పోగొట్టుకున్న స్విస్ గైడ్ చలికి వేళ్లు కోల్పోయాడు. కొండ మీద ఒక తొడుగు విలువ అంత.

డబ్బున్నవాళ్లు కొనుక్కున్నారు, లేనివాళ్లు కుట్టుకున్నారు. 1975 మే 16న ఎవరెస్ట్ ఎక్కిన మొదటి స్త్రీ జున్‌కో తబై బృందానికి, ఇంట్లో కూచుని పిల్లల్ని పెంచుకోమన్న సలహాలు దొరికినంత సులువుగా డబ్బు దొరకలేదు. కారు సీట్ల తొడుగులు కత్తిరించి చేతులకి పై తొడుగులు కుట్టుకున్నారు. బాతు ఈకలు తెప్పించుకుని స్లీపింగ్ బ్యాగులు తామే తయారుచేసుకున్నారు. పొట్టి మనిషైన తబై ఒంటికి బజారులో దొరికేవి ఎలాగూ సరిపోయేవి కావని నా అనుమానం.

ఇప్పుడు నా -5 దగ్గరికి. 2002లో యూరప్‌లో ఈఎన్ 13537 అనే ప్రమాణం వచ్చింది. 2016లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 23537 దాని స్థానంలోకొచ్చింది. దాని ప్రకారం బ్యాగుకి ఒకటి కాదు, వేర్వేరు అంకెలుంటాయి. 'కంఫర్ట్' అన్నది 25 ఏళ్లు, 160 సెంటీమీటర్లు, 60 కిలోలు ఉండే 'ప్రామాణిక స్త్రీ' హాయిగా నిద్రపోగల చలి. 'లిమిట్' అన్నది 173 సెంటీమీటర్లు, 73 కిలోల 'ప్రామాణిక పురుషుడు' ముడుచుకు పడుకుని తట్టుకోగల చలి. రెండింటికీ ఐదారు డిగ్రీల తేడా ఉండొచ్చు. పెద్దక్షరాల్లో కనిపించేది చాలాసార్లు రెండోదే. నా బ్యాగు చీటీ వెనక, వెలిసిపోయిన చిన్న అక్షరాల్లో, 'కంఫర్ట్ 0' అని ఉందని ఆ యాత్ర చివరి రోజున చూశాను. నేను 49 కిలోలు. అంటే ఆ ప్రామాణిక స్త్రీలో కూడా నేను లేను. బ్యాగు ఎంచుకునేటప్పుడు ఇప్పుడు కంఫర్ట్ అంకె చూసి, ఇంకో ఐదు డిగ్రీలు చేతిలో ఉంచుకుంటాను. నడుం దగ్గర బిగించే తాళ్ల పట్టీ, అదే హార్నెస్, కొనకముందు తొడుక్కుని వేలాడి చూస్తాను. షాపువాళ్లు చిరాకుపడితే పడనీ.

బొలీవియాలో ఐమారా స్త్రీలు కొందరున్నారు. చోలీతాలంటారు. ఆ మాట ఒకప్పుడు తిట్టు. పర్వతారోహకుల శిబిరాల్లో వంటచేసి, సామాన్లు మోసిన చేతులవి. 2015లో 6,088 మీటర్ల వైనా పొతొసీ ఎక్కారు, 2019 జనవరిలో అకొంకాగువా. తలకి హెల్మెట్, నడుముకి హార్నెస్, బూట్ల కింద ఇనుప ముళ్లు. వీటితోపాటు వాళ్ల గేరాల గేరాల స్కర్టు, పొయ్యేరా. వలసపాలన వాళ్ల ఒంటికి చుట్టిన బట్ట అది, ఇప్పుడు వాళ్లు వదలనంటున్నది. ఈసారి దాన్ని పైకెత్తడానికీ దించడానికీ తాళ్లేమీ లేవు. ఉన్న తాడు ముందు నడిచే మనిషికి కట్టి ఉంది.