గండికోట కొండదారి

జమ్మలమడుగుకు పడమట, ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా కోసి గండి, అనగా ఇరుకైన లోతు లోయ, ఏర్పరచిన చోట నిలిచిన గండికోటను విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఏలగా, 17వ శతాబ్ది మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశపరచుకున్నాడు. 1652లో అతనిని కలవవచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే, కొండను తొలిచిన ఇరుకుదారిని, దాని పక్కన అడుగున నది పారే భయంకరమైన అగాధాన్ని వర్ణించాడు. కోటకు ప్రాకారమెంత బలమో ఈ ఎక్కుడూ అంతే బలమని చెప్పడం సమంజసం.

కొండనడక వేడుకగా మారడం మాత్రం ఇటీవలి పరిణామం. ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల నుంచి వచ్చే మిత్రబృందాలు మాధవరాయాలయం, ధాన్యాగారం, జామియా మసీదు చూసి, పొరలుపొరలుగా పేర్చినట్లున్న ఎర్రరాతి అంచు వెంబడి నడుస్తాయి. చరిత్రాభిమానులకు ఇంతటి బహిరంగ పాఠశాల రాయలసీమలో అరుదు.