దురద కూరల ముచ్చట

కంద కూర అనగానే అందరూ మూతులు ముడుస్తారేంట్రా? గొంతు గోకుతుందనేగా మీ భయం! ఇలా వచ్చి కూర్చోండి. ఈ ముచ్చట పొయ్యి మీదకు ఎక్కిందంటే దిగడానికి టైము పడుతుంది, ముందే చెప్తున్నా.

మా చిన్నతనంలో మా గోదావరి వైపు కందాబచ్చలి లేకుండా పెళ్లి విస్తరి లేచేది కాదు. సంతలో బేడకు వీశె కంద ఇచ్చేవాళ్లు. వీశె అంటే మీ లెక్కలో కిలోన్నరకు రవ్వంత తక్కువ. 1957లో నయాపైసలు వచ్చాయా, అయినా మా నాయనమ్మ బేరమంతా బేడల్లో, పావలాల్లోనే. పన్నెండు నయాపైసలా పదమూడా అని కొట్టువాడు వేళ్లు లెక్కపెట్టుకునేలోపు ఆవిడ గడ్డ సంచిలో వేసుకుని, కొసరుకి రెండు పచ్చిమిరపకాయలు కూడా పుచ్చుకునేది.

కంద తరిగేటప్పుడు మాత్రం ఇంకెవరినీ కత్తిపీట దగ్గరికి రానిచ్చేది కాదు. మోచేతుల దాకా నువ్వులనూనె పట్టించి, కత్తిపీటకీ నూనెగుడ్డ రాసేది. నీటితడి తగలకుండా చెక్కు మందంగా తీసేది. తడిచేత్తో ముట్టుకున్నావో, ఇక సాయంత్రం దాకా గోకుడే. ఆ తర్వాత ముక్కలు కడిగి, బియ్యం కడుగునీళ్లలో చింతపండు వేసి, గరిటె ఆనిస్తే నలిగేదాకా ఉడికించేది. కందలోనూ చేమలోనూ కంటికి ఆనని సూదులుంటాయి. కాల్షియం ఆక్సలేట్ అంటారు చదువుకున్నవాళ్లు. ముక్క సరిగా ఉడక్కపోతే అవే నాలుకకూ గొంతుకూ గుచ్చుకుంటాయి.

ఓ పెళ్లిలో ఏమైందో చెప్పాలి. వంటాయన మంచివాడే, కానీ ముహూర్తం తోసుకొచ్చింది. కంద ఇంకో పొంగు రాకుండానే దింపేశాడు. మొదటి బంతిలో మగపెళ్లివారు కూర్చున్నారు. రెండు ముద్దలకే గొంతులు గరగరలాడాయి. ఉడకలేదంటే వియ్యాలవారి పరువేం కాను? ఒక్కరూ నోరు మెదపలేదు. ఆడపెళ్లివారేమో, ‘పాపం మొహమాటపడుతున్నారు’ అనుకుని మారు వడ్డించారు! ఆ మారూ తిన్నారు, అదీ మర్యాద. చివరికి మజ్జిగ బిందెలకు బిందెలు ఎలా ఖాళీ అవుతున్నాయో చూసి మా నాయనమ్మ కనిపెట్టింది. వెంటనే విస్తరి విస్తరికీ బెల్లంముక్క, చింతపండు ఉండ వేయించింది. వియ్యంకుడు కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ‘కూర దివ్యంగా ఉందమ్మా’ అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఆ రోజు కందకూ కత్తిపీటకూ లేని దురదంతా ఆ పెద్దమనుషుల గొంతుల్లోనే ఉంది.

ఎక్కడున్నాం? ఆఁ, చేమ. అది కొనేది కాదు. కాలవగట్టున తనంత తానే పెరిగేది. ఇంకా విచ్చుకోని లేతాకు గిల్లుకొచ్చి చింతపండు పులుసు పెట్టేవారు. ముళ్లతోటకూర దొడ్డి గోడ పక్కనే ఉండేది. ముల్లు తప్పించి లేత కొసలు తుంచడం ఆడపిల్లలకు అలవాటైన విద్య. ఇంట్లో ఉన్నదాన్ని వదిలేసి పొరుగింటి పుల్లకూర కోసం వెళ్లే రోజులు కావు. దూలగొండి మాత్రం కంచె మీద పాకితే మా చేతులు కాదు, కాళ్లు పరుగెత్తేవి. కాయ నిండా గోధుమరంగు నూగు ఉంటుంది, అది ఒంటి మీద పడితే గోకేకొద్దీ పాకుతుంది. పేడ పామి, ఆరాక గోకి తీసేవాళ్లం. అల్లరి మూకలు ఆ నూగు తెచ్చి రచ్చబండ మీద చల్లితే, తీర్పు చెప్పడానికి కూర్చున్న పెద్దలు మధ్యలోనే లేచిపోయేవారు. ఆ గింజలకు మరో గొప్పుంది. వాటిలో ఎల్-డోపా ఉందని మద్రాసులో 1937లోనే తేల్చారు. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుకు ఆ ఎల్-డోపానే మందుగా వాడుతున్నారు.

మన దురద ఇంతేనా అనుకోకండి. బదరీ యాత్రకు వెళ్లొచ్చిన మా మేనత్త చెప్పేది: ఆ గఢ్వాల్ కొండల్లో దారి పక్కనే కండాలి అనే మొక్క ఉంటుందట. కుమావూ వాళ్లు సిసూణ్ అంటారు, హిందీలో బిచ్ఛూ ఘాస్. దాని నూగు చివర గాజులా పెళుసు, తగలగానే విరిగి ఒంట్లోకి మంటపుట్టే రసం దింపుతుంది. అక్కడి ఆడవాళ్లు పట్టకారుతో లేత కొసలే తుంచి, మరిగే నీళ్లలో వేస్తారు. వేడికి ఆ పొగరంతా చచ్చి, ఆకు మెత్తబడి పచ్చగా తేలుతుంది. దాన్ని మెదిపి పోపు పెట్టి, మండువా రొట్టెతో తింటారు. మండువా అంటే మన రాగులేలెండి. చలికాలంలో ఒంటికి వేడి ఇస్తుందని వాళ్ల నమ్మకం. ముదిరిన ఆ జాతి మొక్కల నారతో బట్ట కూడా నేస్తారు. కుట్టేదాన్ని పీకి పారేయకుండా దానితో ఎలా నెగ్గుకురావాలో నేర్చుకున్నారు చూడండి, అది నాకు ముచ్చటేస్తుంది. మన నాయనమ్మలూ కందతో చేసింది అదే కదా!

పెరట్లో నాటే పని మీకు చెప్పకపోతే ముచ్చట సగంలో ఆగినట్టే. వేసవి చివర కందను, ముక్కముక్కకూ మొలక కన్ను వచ్చేలా కోసి, పేడనీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టాలి. గుంటలో పశువులెరువు వేసి నాటి, పైన వరిగడ్డి కప్పాలి. అరటి నీడా దానికి సరిపోతుంది. ఎనిమిదో నెలకు ఆకు పసుపెక్కి వాలిపోతే గడ్డ తవ్వడానికి సిద్ధమన్నమాట. ఇప్పుడు మీరు భయపడే పనే లేదు. కొవ్వూరులో ఎంపిక చేసిన గజేంద్ర రకానికి దురద బాగా తక్కువ. పెద్ద మార్కెట్లలో ఎక్కువగా దొరికేది అదే. నేను మాత్రం ఇప్పటికీ చేతులకు నూనె రాసుకునే తరుగుతాను, చింతపండూ మానను.

అందుకని రేపు కందాబచ్చలే వండుతున్నా. బచ్చలి కోసుకురావడం నీ పని, పెద్దాడా. ఆవ నూరడం నీదే చిన్నమ్మా, ఎండుమిరపకాయ చేర్చి మెత్తగా నూరు. కూర దించీ దించగానే కలపకు, వేడి మీద కలిపితే ఆవ చేదెక్కుతుంది. చల్లారాక నన్ను పిలు.