చూపు లేకపోతే ల్యాబ్ లేనట్టేనా?

మాది నల్లగొండ. మా జిల్లా పేరు సైన్సు పుస్తకాలకెక్కింది.. గొప్ప పని చేసి కాదు, నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టారు. నీళ్ళలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి బాగా తిప్పి, కదపకుండా ఉంచాలి. దూదిపింజల్లాంటి తెల్లటి తునకలు ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగుతాయి.

మహబూబ్‌నగర్‌లో హైస్కూల్లో ఉండగా సైన్స్ ఫెయిర్‌కి ఇదే చేశాం. మా గుంపులో చూపులేని వాళ్ళు ఒక్కరూ లేరు. ఎందుకు లేరని అడగాలని కూడా అప్పుడు తోచలేదు.

1995 వికలాంగుల చట్టం తీసి చూడండి. అంధ విద్యార్థుల కోసం పరీక్షల్లోంచి పూర్తిగా లెక్కలతో కూడిన ప్రశ్నలు తీసేసేలా మార్పులు చెయ్యాలని 30వ సెక్షన్‌లో ఉంది. మేలు చేద్దామనే రాశారు. కానీ లెక్కలు తీసేస్తే ఫిజిక్స్‌లో ఏం మిగుల్తుంది? బగ్ సరిచెయ్యలేక ఫీచర్‌నే ఎత్తేస్తాం చూడండి, అలాంటి పనే.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా గారికి చూపు లేదని ఇంటర్‌లో సైన్సు ఇవ్వలేదు. కోర్టుకెళ్ళి గెలిచారు. 98 శాతం మార్కులు తెచ్చుకుని 2009లో అమెరికా ఎంఐటీలో చేరారు. 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో సినిమా వస్తే మనమంతా చప్పట్లు కొట్టాం. కానీ సైన్సు చదవడానికి ఒక పిల్లాడు కోర్టు మెట్లెక్కాలా?

2016 కొత్త చట్టంలో ఆ లెక్కల మాట లేదు. మరి ప్రాక్టికల్స్? వాటి బదులు ప్రశ్నలకు జవాబులిచ్చే సౌకర్యం సీబీఎస్ఈ పెట్టింది. మళ్ళీ మినహాయింపే!

అసలంత కష్టమా? ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోనే ఉంది.. ఉల్లిపాయ వాసన పట్టించిన గుడ్డముక్క మీద క్షారం వేస్తే వాసన పోతుంది, ఆమ్లం వేస్తే ఉంటుంది. లిట్మస్ రంగు పని ముక్కు చేసేస్తుంది. అమెరికాలో కేరీ సుపాలో అనే చూపులేని కెమిస్ట్, తన బృందంతో కలిసి, పరీక్షనాళికలోని వెలుతురుని శబ్దంగా మార్చే సెన్సర్ తయారుచేశారు. అవక్షేపం ఏర్పడితే శ్రుతి మారుతుంది.

మొన్న ఇంటికెళ్ళినప్పుడు నేనూ చేసి చూశా. గాజు సీసాకి ఒకవైపు టార్చి, ఇంకోవైపు ఎల్‌డీఆర్, దానికో 555 టైమర్, చిన్న స్పీకర్. పటిక వేసి తిప్పగానే బొంగురు మోత. తునకలు దిగేకొద్దీ మోత సన్నబడుతూ పైకెళ్ళింది. ఫ్లోరైడ్ ఎంత పోయిందో ఇది చెప్పదు, దానికి వేరే పరీక్ష ఉంది. కానీ నీళ్ళు తేరుకున్నాయని కళ్ళు మూసుకున్నా తెలిసిపోయింది.

ఇది మనం రోజూ చేసే పనే కదా.. లాజిక్ అదే, అవుట్‌పుట్ డివైస్ మార్చడం. మీ ఊరి బడికి ఏమైనా ఇద్దామనుకుంటే, ఇంకో ప్రొజెక్టర్ కొనేముందు ఒకసారి ఇది ఆలోచించండి.