కృష్ణ కిరుగట్ల రెండు రూపాయలు



మా ప్రత్తిపాటి రైతు మిరపను, ప్రత్తిని అమ్మి రూపాయలు చేతబట్టునపుడు, అది యే రూపాయ యని యడుగవలసిన పని లేదు. కాని పూర్వము పలనాటినుండి కృష్ణను దాటి నల్లగొండ గట్టున కాలిడిన తెనుగువాఁడు ముందుగా నడుగవలసిన ప్రశ్న అదియే. ఇరుగట్ల భాష యొక్కటే. నాణెము మాత్రము వేఱు. ఇవతల ఇంగ్లీషు దొరతనమువారి రూపాయ. దీనినే అవతలివారు కల్దారు అనిరి. అవతల నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా.

'హాలీ' యనగా ప్రస్తుతము చెల్లునది; 'సిక్కా' యనగా ముద్ర. 1857 వఱకు హైదరాబాదు నాణెములు ఢిల్లీ చక్రవర్తి పేరిటనే వెలువడెను. ఆ చక్రవర్తిత్వ మంతరించిన పిదప ఆసఫ్‌జాహీ ముద్రతో నాణెములు వచ్చెను. ఇరువదవ శతాబ్ది మొదట యంత్రముపై అచ్చువేసిన చార్మినారు బొమ్మ రూపాయ ప్రసిద్ధి కెక్కెను.

ఈ రెండింటికిని మారకము కుదిరిన తీరు తెలియవలెనన్న త్రాసు పట్టవలెను. కల్దారు సరిగా తులము, అనగా 180 గ్రెయినులు తూగును; అందు మేలిమి వెండి 165. చార్మినారు రూపాయ 172½ గ్రెయినులు. అందు మేలిమి సుమారు 141. ఆఱు కల్దారులలో 990 గ్రెయినుల వెండి. ఏడు హాలీలలో 987. కావున ఏడు హాలీలకు ఆఱు కల్దారులను మారకము వెండిలెక్కకు సరిపోయెను. నూఱు కల్దారులకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆనాటి అణాకు పైసలు పండ్రెండు. ఏడువందల హాలీలకు సరకు నమ్మి యేడువందలు గడించితినని తలఁచిన రైతు, ఇల్లు చేరి లెక్కించుకొన్న మిగులునవి ఆఱువందలే!

తరువాత వెండి బలము తగ్గెను. మొదటి మహాయుద్ధమున వెండి కఱవుకాగా, 1918లో హైదరాబాదు కాగితపు నోట్లు వెలువరించెను. వానిపై తెనుఁగు లిపియు నుండెను. 1940లో ఇంగ్లీషు రూపాయలోని మేలిమియు సగమునకు దిగెను. ఇక నాణెమునకు ఆధారము లోహము గాదు, పాలకుల మాట.

ఆ మాటకు పరీక్ష వచ్చినది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతమున చేరెను. 1950లో భారత రూపాయ ప్రక్కన హాలీయు చెల్లెను. మారకము మునుపటివలెనే ఏడింటి కాఱు. 1951లో క్రొత్త హాలీల జారీ ఆగెను. 1959లో చెలామణి ముగిసెను. రాజ్యము పోయినను, కుండలో దాఁచినవాని సొమ్ము మారకములో సగము గాలేదు.

ఇతర దేశములందు ఇట్లు జరుగకపోవుటయు గలదు. మధ్య ఆఫ్రికాలో కామెరూను, చాడు మొదలగు ఆఱు దేశములకు ఉమ్మడి ఫ్రాంకు కలదు. చాడు రైతులును ప్రత్తి పండించువారే. వారి నాణెము ఫ్రాన్సు నాణెమునకు ముడివడి యుండెను. 1994 జనవరిలో ఆ ముడి మార్చిరి. అంతవఱకు ఫ్రెంచి ఫ్రాంకొకటికి 50 ఇచ్చువారు 100 ఈయవలసి వచ్చెను. పరదేశపు మందులు కొనువాని దాపుడు సొమ్మునకు విలువ సగమైపోయెను.

మన యిండ్లలో నెక్కడనైన చార్మినారు రూపాయ యుండిన, దానిని కరఁగింపకుఁడు. బిడ్డలకుఁ జూపి, నాణెమున కెంత వెండి యవసరమో, మాట నిలుపుట యంతకంటె నెక్కువ యవసరమని చెప్పుఁడు. సెలవు.